బరువు ఎక్కువున్న గర్భిణికి బీపీ పెరిగితే: బిడ్డ క్షేమం కోసం ఏ నెలలో ఏం చేయాలి?

గర్భం దాల్చిన 20 వారాల తర్వాత బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. పై అంకె 160కి గానీ కింది అంకె 110కి గానీ చేరినా, విడవని తలనొప్పి, చూపు మసకబారడం, కాలేయమో కిడ్నీయో దెబ్బతినడం లాంటివి మొదలైనా అది తీవ్రమైనదని లెక్క. ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవారు. ఒళ్ళు చేసిన స్త్రీలకు ఇది వచ్చే అవకాశం మామూలు బరువున్నవాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ.

నేను కాన్పుల వార్డులో, దాని పక్కనే ఉన్న పసిపిల్లల వార్డులో పనిచేసే నర్సుని. మా దగ్గరికి కోనసీమ నుంచి, భీమవరం వైపు నుంచి, గోదావరి లంకల నుంచి కూడా వస్తుంటారు. ఇలాంటి కాన్పుల్లో బిడ్డ కోలుకోవడం అన్నిటికంటే ఎక్కువగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఎన్ని వారాలకు పుట్టింది, ఎక్కడ పుట్టింది. తల్లి బరువుని తొమ్మిది నెలల్లో మార్చలేం. ఈ రెండిటినీ మాత్రం చాలావరకు మన చేతుల్లోకి తెచ్చుకోవచ్చు. కింద రాసినవన్నీ అందుకోసమే. మందుల మాట వచ్చినచోట డాక్టరు రాసిందే వేసుకోవాలి. ఏం అడగాలో తెలియడానికే నేను చెబుతున్నాను.

ముందుగా మూడు కొలతలు రాసి పెట్టుకోండి

గర్భం తెలిసిన వెంటనే ఎత్తు, బరువు చూపించుకుని తల్లీబిడ్డల కార్డులో రాయించండి. బరువుని కిలోల్లో, ఎత్తుని మీటర్లలో తీసుకుని, బరువుని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. 155 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 60 కిలోలుంటే 25 దగ్గరికి వచ్చినట్టు, 72 కిలోలుంటే 30 దగ్గరికి వచ్చినట్టు. నాలుగో నెలలో కాదు, మొదట్లోనే చూసుకోవాలి. అప్పటి అంకే మీ అసలు బరువు.

మూడోది జబ్బ చుట్టుకొలత. దీన్ని ఎవరూ అడగరు, అందుకే నేను గట్టిగా చెబుతున్నాను. జాకెట్టు కొలతలకు వాడే టేపు తీసుకుని, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టి చూడండి. 33 సెంటీమీటర్లు, అంటే 13 అంగుళాలు దాటితే మామూలు బీపీ పట్టీ మీకు సరిపోదు. ఆ సంగతి కార్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక్కడే ఒక మాట. బరువు గురించి మిమ్మల్ని ఎవరైనా చులకనగా మాట్లాడితే ఆ మాటని అక్కడే వదిలేయండి, చెకప్‌ని మాత్రం వదలకండి. "వెళ్తే లావుగా ఉన్నావని తిడతారండీ" అని నాలుగు నెలలపాటు ఆసుపత్రి మొహం చూడని అమ్మాయిలు నాకు తెలుసు. వాళ్ళని తిట్టినవాళ్ళది తప్పు. దాని ఖరీదు మాత్రం కడుపులో బిడ్డ కట్టింది.

మూడో నెల దాటకముందే అడగాల్సినవి

మొదటి చెకప్‌లోనే డాక్టర్ని ఇలా అడగండి: "నాకు ఆస్పిరిన్ అవసరమా అండీ?" గుండెజబ్బు వాళ్ళు వేసుకునే ఆ చిన్న మాత్రే. రోజుకి 75 నుంచి 150 మిల్లీగ్రాములు, 12 వారాలు నిండాక, 16 వారాలు దాటకముందు మొదలుపెడితే ప్రీఎక్లాంప్సియా ముప్పు తగ్గుతుంది. నెలలు నిండకముందే వచ్చే రకం మీద ఇది బాగా పనిచేస్తుంది, బిడ్డకు ప్రమాదం ఎక్కువ తెచ్చేదీ ఆ రకమే. మొదటి కాన్పు, బీఎంఐ 30 పైన, వయసు 35 దాటడం, మీ అమ్మకో అక్కచెల్లెళ్ళకో ఈ జబ్బు వచ్చి ఉండటం: వీటిలో ఏ రెండు ఉన్నా మాత్ర గురించి ఆలోచిస్తారు. ముందు కాన్పులో ఇదే జబ్బు వచ్చినా, గర్భానికి ముందే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నా, కవలలైనా, ఆ ఒక్కటే చాలు. ఏడో నెలలో బీపీ కనబడ్డాక మొదలుపెడితే ఈ లాభం ఉండదు. మాయ పాతుకునేది మొదటి నెలల్లోనే.

మాయ సంగతి అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. గర్భసంచి నుంచి మాయకు రక్తం తెచ్చే నాళాలు మొదటి సగంలో బాగా వెడల్పవ్వాలి. ఈ జబ్బులో అవి ఇరుకుగానే ఉండిపోతాయి. కాలువ మొదట్లో ఎంత నీరున్నా శివారు చేనుకి చేరనట్టు, తల్లి ఒంట్లో ఎంత పుష్టి ఉన్నా బిడ్డకు అందదు. ఇబ్బంది పడ్డ మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే పదార్థాలు నాళాలన్నిటినీ దెబ్బతీస్తాయి. అందుకే బీపీ, వాపులు, కాలేయం, కిడ్నీ, మెదడు అన్నీ ఒకేసారి చెడతాయి.

నాలుగో నెల నుంచి సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే కాల్షియం మాత్రలు రోజుకి రెండు వేసుకోండి. కాల్షియం తక్కువ తినేవాళ్ళలో ఇది బీపీ ముప్పును తగ్గిస్తుంది. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి, ఒకదాన్ని ఒకటి ఒంటికి పట్టనివ్వదు. షుగర్ పరీక్ష మొదటి చెకప్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తారు, 140 లేదా ఆపైన వస్తే గర్భిణీ షుగరే.

ప్రతినెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టర్లు చూసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ముప్పు ఎక్కువున్నవాళ్ళ కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. ఎర్ర స్టిక్కరు చూసి టెన్షన్ పడకండి, దాచకండి. అది మీ కార్డు మీద ఉంటే రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళకు ఒక్క చూపులో విషయం తెలుస్తుంది.

తిండి

ఇద్దరి కోసం తినాలన్న మాట ఇంట్లో అందరి నోటా వినబడుతుంది. బిడ్డకు కావాల్సింది రెట్టింపు అన్నం కాదు. మొదట్లో బీఎంఐ 25 నుంచి 30 లోపున్నవాళ్ళు తొమ్మిది నెలల్లో 7 నుంచి 11.5 కిలోలు, 30 దాటినవాళ్ళు 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలు. అలాగని గర్భంలో బరువు తగ్గించే ప్రయత్నం చేయకూడదు, పూట మానకూడదు.

మన కంచం మార్చడం కష్టమేం కాదు. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోటు ఆకుకూర పప్పుకీ, కూరకీ ఇవ్వండి. చిన్న చేపలు, గుడ్డు, పెరుగు, పెసలు రోజూ ఏదో ఒకటి ఉండాలి. పులస తెచ్చారా, ముక్క తినండి, పైన తేలిన నూనె పక్కకి తీసేయండి. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ ఆత్రేయపురం పూతరేకులో, తాపేశ్వరం కాజాలో, సున్నుండలో తెస్తారు. ఆ డబ్బా మీ గదిలో కాకుండా ఎదురుగదిలో ఉంటే సగం సమస్య తీరుతుంది. సాయంత్రం ఎండ తగ్గాక కాలువ గట్టు మీద అరగంట నడవండి, డాక్టరు వద్దంటే తప్ప.

ఉప్పు పూర్తిగా మానేస్తే బీపీ రాదనుకుంటారు. ఉప్పు మానినా, రోజంతా మంచం మీదే పడుకున్నా ప్రీఎక్లాంప్సియా ఆగదు. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు మితంగా తినండి, చప్పిడి తిండితో నీరసపడకండి. కొబ్బరినీళ్ళు తాగితే బీపీ దిగిపోతుందన్న మాట నమ్మి మందు మానేయకండి.

బీపీ చూసే తీరు

ఒక మామూలు చెకప్‌ని దగ్గరగా చూద్దాం. మనిషి ఎండలో నడిచి, మెట్లెక్కి వచ్చింది. బల్ల మీద కూర్చోగానే పట్టీ చుట్టారు. జబ్బ లావు కాబట్టి పట్టీ చివరి రెండు అంగుళాలే అంటుకుంది. గాలి కొడుతుంటే చరచరమని ఊడిపోయింది. మళ్ళీ బిగించి, ఈసారి చేత్తో అదిమిపట్టి చూశారు. 150/96. పక్కనున్న తోడికోడలు ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఆ అంకె నిజమో కాదో ఎవరూ చెప్పలేరు. చిన్న పట్టీ లావు జబ్బకి చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దీనివల్ల రెండు రకాల నష్టం. లేని జబ్బుకి మందు పడవచ్చు. ఇంతకంటే ఎక్కువగా నేను చూసేది ఇంకోటి: "లావు కదా, ఎక్కువే చూపిస్తుందిలే" అని నిజమైన 160ని కూడా కొట్టిపారేయడం.

అందుకని పద్ధతి ఇదీ. ముందు మూత్రానికి వెళ్ళిరండి. అయిదు నిమిషాలు వీపు ఆన్చి, పాదాలు నేలకి ఆనేలా, కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, జాకెట్టు చెయ్యి మీద నుంచి పట్టీ చుట్టకూడదు. మాట్లాడకండి, మాట్లాడించనివ్వకండి. పెద్ద సైజు పట్టీ కావాలని అడగండి. విలేజ్ క్లినిక్‌లో లేకపోతే పీహెచ్‌సీలో, అక్కడా లేకపోతే ఏరియా ఆసుపత్రిలో చూపించుకోండి. ఇంట్లో మెషీన్ కొనగలిగితే జబ్బకి చుట్టేదే కొనండి, పట్టీ మీద రాసున్న సెంటీమీటర్లు మీ కొలతకి సరిపోవాలి. కొన్నాక ఒకసారి ఆసుపత్రికి పట్టుకెళ్ళి, అక్కడి మెషీన్‌తో పక్కపక్కన చూసి సరిపోయిందో లేదో తేల్చుకోండి. 140/90 కనిపిస్తే మర్నాటికి వాయిదా వేయకుండా ఆరోజే చూపించుకోవాలి. 160/110 కనిపిస్తే పావుగంటలో ఇంకోసారి చూసి, అలాగే ఉంటే వెంటనే బయల్దేరాలి.

బీపీ చూసిన ప్రతిసారీ మూత్రం పరీక్ష కూడా జరగాలి. మూత్రంలో ముంచిన కాగితపు పుల్ల పసుపు రంగు నుంచి ఆకుపచ్చకి తిరిగితే ప్రొటీన్ పోతున్నట్టు.

ఇంట్లో అత్తగారికో మామగారికో బీపీ మాత్రలు ఉంటాయి. "ఇదీ బీపీయే కదమ్మా, ఒకటేసుకో" అని ఇచ్చేస్తారు, అదీ ప్రేమతోనే. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ రకం మందులు కడుపులో బిడ్డ కిడ్నీలను పాడుచేస్తాయి, ఉమ్మనీరు ఎండిపోతుంది. గర్భిణికి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటివి వేరే ఉన్నాయి. వాపులు తీయడానికని ఊళ్ళో ఆర్‌ఎంపీ నీళ్ళు పోయే మాత్ర ఇస్తానంటే వద్దని చెప్పండి.

పొట్ట చూసి బిడ్డని అంచనా వేయకండి

తల్లి బరువుకి షుగర్ కూడా తోడైతే బిడ్డ పెద్దదవుతుంది. బీపీ వల్ల మాయ దెబ్బతింటే బిడ్డ చిన్నదైపోతుంది. రెండూ కలిసిన కడుపులో ఏది పైచేయి అవుతుందో పైనుంచి చూసి చెప్పలేం. "పొట్ట బాగా పెద్దగా ఉంది, బిడ్డ పుష్టిగా ఉన్నాడు" అని ముత్తైదువలు దీవించిన సీమంతం తర్వాత పదిహేను రోజులకే కిలోన్నర కూడా లేని బిడ్డని మేం అద్దాల పెట్టెలో పెట్టాల్సి వస్తుంటుంది. కొవ్వు పొర కింద గర్భసంచి ఎత్తు కొలవడం టేపుతో కుదరదు.

స్కానే దారి. అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ చేసేటప్పుడు కొవ్వు వల్ల గుండె, వెన్ను సరిగా కనబడకపోతే మళ్ళీ రమ్మంటారు, విసుక్కోకుండా వెళ్ళండి. బరువు ఎక్కువున్న తల్లుల బిడ్డల్లో వెన్నుపూస, గుండె లోపాలు కొంచెం ఎక్కువ కాబట్టి ఆ రెండో చూపు అవసరం. ఏడో నెల నుంచి ఎదుగుదల స్కాన్ ఎన్ని వారాలకోసారి చేయాలో అడగండి. బీపీ వచ్చాక డాప్లర్ కూడా చూస్తారు. బొడ్డుతాడులో రక్తం ఎలా ప్రవహిస్తోందో అది చెబుతుంది. కాన్పు ఇప్పుడే చేయాలా, ఇంకో వారం ఆగవచ్చా అన్న నిర్ణయానికి ఈ రిపోర్టు ఎంతో ముఖ్యం.

28 వారాల నుంచి కదలికల మీద కన్నేసి ఉంచండి. భోజనం చేసి, ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే, లేదా రోజూ ఉండే తీరు తగ్గిందనిపిస్తే, ఆరోజే వెళ్ళాలి. లావు వల్ల తెలియడంలేదేమోనని సర్దిచెప్పుకోకండి. అది ఆసుపత్రిలో తేల్చాల్సిన విషయం.

బిడ్డ ఎక్కడ పుట్టాలో ఏడో నెలకే తేల్చుకోండి

మనవైపు తొలికాన్పు పుట్టింటి హక్కు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతుర్ని తీసుకెళ్తారు. చెకప్‌లన్నీ ఒక ఊళ్ళో, కాన్పు ఇంకో ఊళ్ళో. బీపీ ఉన్న మనిషి విషయంలో ఈ మార్పు జాగ్రత్తగా జరగాలి. చీరలు సర్దకముందు కార్డు, స్కాన్ రిపోర్టులు, మందుల చీటీలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి. అన్నిటినీ ఫోనులో ఫొటో తీసి భర్తకీ, అన్నదమ్ములకీ పంపండి. పుట్టింటికి వెళ్ళిన వారంలోనే అక్కడి ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకుని, అక్కడి డాక్టరుకి ఒకసారి చూపించుకోండి. నొప్పులొచ్చాక మొదటిసారి కనబడటం కాదు.

పుట్టిల్లు లంకలో అయితే ఇంకా ముందుచూపు కావాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఎప్పుడు పోటెత్తుతుందో తెలియదు. వరదొస్తే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదావరి దాటించే పంటు ఆపేస్తారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. బీపీ ఉన్న గర్భిణికి అదే బయల్దేరే గంట. రెండో హెచ్చరిక 13.75 అడుగుల దగ్గర వస్తుంది, అప్పటిదాకా ఆగకండి. టౌన్లో చుట్టాలింట్లోనో, లేదంటే ఆసుపత్రిలోనే చేరో ఉండండి. ఆశాకి ముందే చెప్పి ఉంచితే తరలించాల్సిన గర్భిణుల జాబితాలో మీ పేరు రాస్తారు.

ఇక ఆసుపత్రి. సిజేరియన్ చేయగల చోటు వేరు, 32 వారాల బిడ్డకు ఊపిరి అందించగల చోటు వేరు. ఈ తేడా చాలామందికి తెలియదు. కాబట్టి ప్రైవేటైనా సర్కారుదైనా ముందే వెళ్ళి సూటిగా అడగండి. నెలలు తక్కువ పిల్లల్ని ఎన్ని వారాల నుంచి చూస్తారు? సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే మెషీన్), వెంటిలేటర్ ఇక్కడే ఉన్నాయా? పిల్లల డాక్టరు రాత్రిపూట ఉంటారా? రక్తం, ప్లేట్‌లెట్లు ఇక్కడే దొరుకుతాయా? సరైన సమాధానం రాకపోతే కాకినాడ జీజీహెచ్, రాజమహేంద్రవరం, ఏలూరు పెద్దాసుపత్రుల్లాంటి పిల్లల యూనిట్ ఉన్నచోట పేరు రాయించుకోండి. రాజోలు నుంచి అమలాపురం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ చేరడానికి రెండు గంటలు పైనే పడుతుంది. కడుపులో ఉండగా ఆ దారి ప్రయాణించిన బిడ్డకీ, పుట్టాక ఆక్సిజన్ గొట్టంతో ప్రయాణించిన బిడ్డకీ చాలా తేడా ఉంటుంది. నెలలు తక్కువ బిడ్డను తరలించడానికి తల్లి కడుపుని మించిన అంబులెన్సు లేదు.

తెల్లారేదాకా ఆగకూడని లక్షణాలు

మాత్ర వేసినా తగ్గని తలనొప్పి. కళ్ళముందు మెరుపులు, మసక. ఊపిరాడకపోవడం. మూత్రం బాగా తగ్గడం. రక్తస్రావం, పొట్ట రాయిలా బిగుసుకుపోవడం. ఒక్కరోజులో మొహం, చేతులు ఉబ్బిపోవడం. సీమంతానికి తొడిగిన గాజులు నిన్నటిదాకా తిరుగుతూ ఇవాళ మణికట్టు దగ్గర బిగిసిపోతే అది మామూలు నీరు కాదు.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది పొట్ట పైభాగంలో, కుడి పక్కటెముకల కింద వచ్చే నొప్పి, దాంతోపాటు వాంతి. గ్యాస్ అనుకుని గోళీసోడా తాగిస్తారు, గ్యాస్ మాత్ర వేస్తారు, పడుకోబెడతారు. అది కాలేయం వాస్తున్న నొప్పి కావచ్చు, ప్లేట్‌లెట్లు పడిపోతున్న సూచన కావచ్చు. అయిదో నెల దాటిన మనిషికి అక్కడ నొప్పి వస్తే ముందు బీపీ చూడాలి, ఆ తర్వాతే గ్యాస్ మాట.

ఇంట్లోనే ఫిట్స్ వస్తే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడంతో పోయే ప్రతి నిమిషమూ బిడ్డకు ప్రాణవాయువు అందని నిమిషమే. 108కి ఫోన్ చేసి "గర్భిణి, ఫిట్స్" అని ఈ రెండు మాటలు ముందు చెప్పండి. దారిలో పీహెచ్‌సీ ఉంటే ఫిట్స్ ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు అక్కడ వేయించుకుని వెళ్ళవచ్చు. రెండు పిరుదుల్లో లోతుగా ఇచ్చే ఇంజెక్షన్లవి. నొప్పిగా ఉంటాయి, ప్రాణం నిలబెడతాయి.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది

ఫిట్స్ రాకుండా మెగ్నీషియం, బీపీ దించడానికి మందులు, గంటగంటకీ మూత్రం కొలవడానికి గొట్టం. మెగ్నీషియం ఎక్కుతుంటే ఒళ్ళంతా వేడి ఆవిరి కమ్మినట్టుంటుంది, కంగారు పడకండి. మోకాలి మీద తట్టి చూస్తారు, ఊపిరి లెక్కపెడతారు. మందు ఎక్కువ కాకుండా చూసే పద్ధతి అది.

34 వారాల లోపైతే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి డెక్సామెథాసోన్ నాలుగు డోసులు, 12 గంటలకోటి చొప్పున ఇస్తారు. మొదటి డోసు పడ్డాక ఒక రోజు గడిస్తే మంచి ఫలితం ఉంటుంది. అందుకే ఆరు గంటలు ముందు ఆసుపత్రికి చేరడం కూడా లెక్కలోకి వస్తుంది. తల్లికి షుగర్ ఉంటే ఈ ఇంజెక్షన్లతో పెరుగుతుంది, గుర్తుచేయండి.

తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాకి అసలు మందు కాన్పే. 34 వారాలు నిండితే సాధారణంగా కాన్పుని వాయిదా వేయరు. అంతకంటే ముందైతే తల్లి, బిడ్డ నిలకడగా ఉన్నంతవరకే వాయిదా వేస్తారు. "ఇంకో పది రోజులు మోయనివ్వండి, మంచి ముహూర్తం కూడా ఉంది" అని బతిమాలకండి. ఇరుకు నాళాల మీద బతుకుతున్న బిడ్డకు ఒక్కోసారి లోపల ఉండటమే ఎక్కువ ప్రమాదం. బరువు ఎక్కువున్నవాళ్ళకు మత్తు ఇవ్వడం, ఆపరేషన్ చేయడం రెండూ కష్టంతో కూడిన పనులు. అర్ధరాత్రి హడావుడిగా కాకుండా, మత్తు డాక్టరుకి ముందే మిమ్మల్ని చూసే వీలుండేలా చేరడం మంచిది.

బిడ్డ పుట్టాక మొదటి రోజులు

పుట్టినప్పుడు పిల్లల డాక్టరు గదిలో ఉండాలి. బిడ్డ కొంచెం మెత్తగా, నిద్రమత్తుగా ఉండవచ్చు, తల్లికిచ్చిన మెగ్నీషియం ప్రభావం అది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మేం ముఖ్యంగా చూసేవి ఊపిరి, ఒంటి వేడి, షుగర్. మడమ దగ్గర సూదితో గుచ్చి చుక్క రక్తం తీస్తుంటే అమ్మమ్మలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. చిన్న బిడ్డకు నిల్వలుండవు, షుగరున్న తల్లి బిడ్డకు ఇన్సులిన్ ఎక్కువ ఉంటుంది. ఇద్దరికీ మొదటి గంటల్లో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. పడిపోయినా పైకి ఏమీ కనబడకపోవచ్చు, అందుకే ఆ గుచ్చడం. కామెర్లు, ప్లేట్‌లెట్లు తగ్గడం, ఇన్ఫెక్షన్ కూడా చూసుకుంటాం.

పాల విషయంలో ఓపిక కావాలి. ఒళ్ళున్న తల్లులకు, ఆపరేషన్ అయినవాళ్ళకు, నెలలు తక్కువ కాన్పుల్లో పాలు పడటం నాలుగైదు రోజులకు జరగవచ్చు. "దీనికి పాల్లేవు" అని డబ్బాపాలకి పరుగెత్తకండి. బిడ్డ వేరే వార్డులో ఉన్నా, మొదటి గంటల నుంచే రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు చేత్తో పిండాలి, రాత్రి కూడా. మొదట వచ్చేవి నాలుగు చుక్కల ముర్రుపాలే. ఆ నాలుగు చుక్కలూ స్టీలు గిన్నెలో పట్టి తెచ్చివ్వండి, వాటి విలువ మాకు తెలుసు. మింగడం వచ్చాక ఉగ్గుగిన్నెతో పట్టిస్తాం. ఇంట్లో పాత ఉగ్గుగిన్నె ఉంటే మరిగించి తెచ్చుకోవచ్చు, ఆముదాలూ ఉగ్గులూ మాత్రం వద్దు.

బిడ్డ నిలకడపడగానే కంగారూ పద్ధతి మొదలుపెట్టండి. టోపీ, డైపరు తప్ప ఇంకేమీ లేకుండా తల్లి రొమ్ముల మధ్య నిటారుగా ఆన్చి, పైన గుడ్డ కట్టడం. రోజుకి 8 గంటలకు తగ్గకుండా, వీలైనంత ఎక్కువసేపు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లికి ఇంకా మెగ్నీషియం ఎక్కుతుంటే నాన్న చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు. చొక్కా గుండీలు విప్పి బిడ్డని ఆన్చుకున్న నాన్నల్ని చూసి సిగ్గుపడేవాళ్ళు ఇప్పుడు మా వార్డులో ఎవరూ లేరు.

తల్లి సంగతి

బిడ్డ పుట్టగానే బీపీ పోతుందనుకుంటారు. కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు లోపు అది మళ్ళీ పైకెళ్ళడం చాలా మామూలు, సరిగ్గా ఇంటికి పంపే రోజులవి. ఫిట్స్ అప్పుడు కూడా రావచ్చు. డిశ్చార్జ్ అయ్యాక వారం పది రోజుల్లోపు బీపీ చూపించుకోండి, ఆరు వారాలకు ఇంకోసారి. పైన చెప్పిన లక్షణాలన్నీ బాలింతకీ వర్తిస్తాయి.

ఆపరేషన్ కుట్లు పొట్ట మడత కింద ఉంటాయి. మన వేడికీ తేమకీ అక్కడ చెమట నిలుస్తుంది, చీము పడుతుంది. పూటకోసారి మడత ఎత్తి చూసి, ఉతికి ఎండబెట్టిన నూలుగుడ్డతో అద్ది ఆరనివ్వండి. కుట్లు మానకముందు నడికట్టు బిగించకండి. పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించకండి. కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ముప్పు బరువున్నవాళ్ళకు ఎక్కువ కాబట్టి నర్సు లేవమన్నప్పుడు లేచి నడవాలి.

ఇంటికి వెళ్ళాక

బిడ్డకు నూనె మర్దనా, కాగిన నీళ్ళ స్నానం, సాంబ్రాణి పొగ అన్నీ రెండున్నర కిలోలు దాటాక డాక్టర్ని అడిగి చూద్దురుగాని. ముక్కులో, చెవిలో నూనె ఎప్పుడూ వద్దు.

34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోలకంటే తక్కువున్నా, పుట్టిన నెలరోజులకల్లా కంటి వెనక పొర పరీక్ష చేయించాలి. మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే చేయించాలి. ఆక్సిజన్ పెట్టిన పిల్లల్లో ఆ పొర నాళాలు చెడి చూపు పోవచ్చు, సమయానికి లేజరు చేస్తే ఆపవచ్చు. బిడ్డ బాగానే ఉందికదా అని ఈ ఒక్క తేదీ దాటేయకండి. డిశ్చార్జ్ కాగితంలో రాసి లేకపోతే అడిగి రాయించుకోండి. చెవి పరీక్ష కూడా అప్పుడే.

మళ్ళీ గర్భానికి కనీసం రెండేళ్ళు ఆగండి, అందుకు ఏ పద్ధతి వాడాలో డిశ్చార్జ్‌కి ముందే డాక్టరుతో మాట్లాడండి. ఈలోపు తగ్గే ప్రతి అయిదు కిలోలూ వచ్చే కాన్పుకి మేలే. ఈ జబ్బు వచ్చినవాళ్ళకు తర్వాతి జీవితంలో బీపీ, గుండెజబ్బు ముప్పు రెట్టింపు, అంతకు మించి కూడా ఉంటుంది. కాబట్టి ఏటా ఒకసారి బీపీ, షుగర్ చూపించుకోవాలి. డిశ్చార్జ్ కాగితాన్ని రేషన్ కార్డు, ఆధార్ ఉన్న కవరులోనే దాచండి. వచ్చేసారి నెల తప్పగానే ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఎన్నో వారంలో కాన్పయిందో, బిడ్డ ఎంత బరువుందో చెప్పి, ఆస్పిరిన్ ఎప్పటి నుంచి వేసుకోవాలో ఆరోజే అడగండి.